అమలమ్మత్త మొక్కిన జడ

మా అమలమ్మత్త గుణదల మరియమ్మ తల్లికి ఒక జడ మొక్కుకుంది. మొక్కుకోవడంలో వింతేమీ లేదు. మా కొండకి ఏటా ఎంతోమంది వచ్చి తలనీలాలు ఇచ్చి పోతారు. చిక్కల్లా ఆ జడ అత్తది కాకపోవడమే. అది మా అక్క ఫిలోమినది. అక్కని మాటవరసకైనా అడగలేదు.

అత్త అంటే మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చేసింది. మా అమ్మ మణెమ్మ నన్ను కని, బాలింతగా ఉండగానే కన్నుమూసింది. అక్కనీ నన్నూ అత్తే పెంచింది. నాన్న రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. పొద్దస్తమానం ఎండలో పట్టాలతో కుస్తీ పట్టి ఇంటికొచ్చేవాడికి నోరు మెదిపే ఓపిక ఎక్కడిది? కాబట్టి ఇంట్లో నోరు అత్తదే.

పొట్టి మనిషి. బొడ్లో దోపిన కొంగు, నెత్తి మీద నిమ్మకాయంత ముడి. కొండ కింద ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. గుండిగలో గరిటె తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమ భుజం కన్నా లావెక్కింది. హాస్టలు పిల్లలు ఆమెని ఎంత ప్రేమించేవారో అంత భయపడేవారు. పళ్ళెంలో తోటకూర వదిలేసిన పిల్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆ పిల్ల ఆఖరి ముద్ద మింగేదాకా లేచేది కాదు.

ఆమె గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. మా ఇంట్లో గోంగూర వండేవారు కాదు. కృష్ణా జిల్లాలో గోంగూర వండని ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. ఎందుకని అడిగితే "నాకు పడదు" అనేది. హాస్టల్లో గోంగూర రోజున రెండో వంటమనిషికి గరిటె ఇచ్చేసి తను బియ్యం ఏరుకుంటూ కూర్చునేది.

ఇక జడ సంగతి. అక్కకి పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. బావ మరియదాసు గన్నవరం విమానాశ్రయంలో కాపలా ఉద్యోగి. మంచివాడు, ఒక్క మాటా తూలలేదు. కాని అత్త మాత్రం వారం వారం కొండెక్కి కొవ్వొత్తి వెలిగించేది. ఎట్టకేలకు కడుపు పండింది. డెబ్భై అయిదు జూన్‌లో అక్కకి నొప్పులొచ్చాయి. ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చాం. పొద్దున మొదలైన నొప్పులు సాయంత్రమైనా తెమలలేదు. వరండాలో జపమాల తిప్పుతున్న అత్త ఉన్నట్టుండి లేచి నిలబడి, నర్సులూ రోగులూ వింటుండగానే చేతులెత్తి అరిచింది.

"అమ్మా మరియమ్మ తల్లీ! పిల్లనీ బిడ్డనీ చల్లగా బయటపడేశావంటే దాని జడ నీ కొండకిస్తా! ఫిబ్రవరి తిరునాళ్ళకి, వెంట్రుక తక్కువ లేకుండా ఇస్తా!"

కాసేపటికే లోపల్నించి పాప ఏడుపు వినబడింది. మొక్కు ఖాయమైపోయింది.

అక్క జడ మామూలు జడ కాదు. మోకాళ్ళకి జానెడు పైదాకా ఉండేది. అది అల్లడానికి అత్త ఎత్తు చాలక, అక్కని నిలబెట్టి తను పీట ఎక్కేది. సంగతి తెలిశాక అక్క మంచంలోంచే విరుచుకుపడింది.

"నా జుట్టు మొక్కడానికి నువ్వెవరత్తా? నీది మొక్కుకోకపోయావా?"

"నా నిమ్మకాయ ముడి చూపిస్తే ఆ తల్లి కాన్పు చేస్తదంటే? ఇచ్చేది చూడబుద్ధయ్యేట్టుండాలి."

"పోనీ నా మీసం ఇస్తానండీ అత్తయ్యగారూ," అన్నాడు బావ.

"నువ్వూరుకో నాయనా. ఇది ఆడోళ్ళ లెక్క," అంది అత్త.

అక్క కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది. తర్వాత పాపని చూసుకుంటూ "పోన్లే, జుట్టేగా, మళ్ళీ వస్తుంది" అని సమాధానపడింది. కథ ఇక్కడితో అయిపోవలసింది. అత్త పథ్యం మొదలెట్టకపోతే అయిపోయేదే.

బాలింత పథ్యం మా వైపు అందరూ చేయిస్తారు. మా అత్త చేయించినట్టు మాత్రం ఎవరూ చేయించరు. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, చుక్క నెయ్యి. మళ్ళీ అన్నం, మళ్ళీ వెల్లుల్లి కారం. పప్పు పెడితే వాతమంది. ఆకుకూర పెడితే బిడ్డకి విరేచనాలంది. చేప చీము, గుడ్డు వేడి, పెరుగు జలుబు. మంచినీళ్ళు కూడా కాచి చల్లార్చి, గ్లాసులో సగం పోసి ఇచ్చేది. లోకం మూడో నెలకి వదిలేసే పథ్యాన్ని అయిదో నెల దాకా ఉంచుతానని పట్టుబట్టింది. పొద్దున హాస్టల్లో ఆడపిల్లల నోళ్ళల్లో తోటకూర పప్పు కుక్కి వచ్చి, మధ్యాహ్నం ఇంట్లో సొంత పిల్లకి కారం మెతుకులు పెట్టేది. చెయ్యి కడుక్కున్నా ఆమె చీరకి పప్పు తాలింపు వాసన అంటుకునే ఉండేది. అక్క ఆ కొంగు పట్టుకుని వాసన చూసేది.

"అత్తా, నీ కొంగు నంజుకుని తిననా?" అనేది.

"తిను. నమిలి ఊసెయ్యి, మింగమాక," అనేది అత్త.

పాపకి నాలుగో నెల వచ్చింది. మనిషిని చూసి నవ్వడం నేర్చింది. అప్పుడే అక్క జుట్టు రాలడం మొదలైంది. మొదట్లో అత్త కంగారు పడలేదు.

"బిడ్డ తల్లి మొహం గుర్తుపట్టిందంటే జుట్టు రాలుద్ది. అందరికీ అంతే," అంది.

గుర్తుపడితే పట్టింది గాని, ఇంతలా పట్టాలా? దువ్వెన నిండా జుట్టు, దిండు మీద జుట్టు, స్నానాల గది తూములో జుట్టు. పాప గుప్పిట విప్పితే అందులో నాలుగు వెంట్రుకలు. చేతిమందాన ఉండే జడ వేలిమందానికి వచ్చింది. నుదురు రెండు పక్కలా నున్నగా బయటపడింది. అప్పుడు అత్తకి తను అరిచిన మాట గుర్తొచ్చింది. వెంట్రుక తక్కువ లేకుండా!

ఆ రోజు నించి ఆమె రాలిన జుట్టు ఏరడం మొదలెట్టింది. నేల మీద వంగి, దిండు దులిపి, తూములో చెయ్యి పెట్టి మరీ తీసి, కడిగి, ఆరబెట్టి, ఉండ చుట్టి పాలపొడి డబ్బాలో దాచేది. అక్క దువ్వుకుంటుంటే పక్కన డబ్బా పట్టుకుని నిలబడేది.

"అత్తా, సిగ్గేస్తంది. అవతలికి పో."

"అది నీ జుట్టు కాదే ఇప్పుడు. తల్లి సొమ్ము. నువ్వు కాపలాదానివి. కాపలా సరిగ్గా కాయక తూము పాలు చేస్తన్నావు."

కాపలాతో పాటు వైద్యమూ మొదలైంది. కరివేపాకు, మందారం, గుంటగలగరాకు కొబ్బరినూనెలో మరిగించి అక్క నెత్తికి పట్టించేది. ఇల్లంతా ఘుమఘుమలాడేది. నా నోరు ఊరుకోదు.

"కరివేపాకు నెత్తిన పెడతావు. నోట్లో పెట్టవేం?"

"కాలేజీ మానేసినోడివి నాకు వైద్యం చెప్తావంట్రా?"

"కాలేజీలో మాత్రం కరివేపాకు గురించి చెప్పారా?"

గరిటె నా మీదికి వచ్చింది. తప్పుకున్నాను. కాని అక్క మొహం చూస్తుంటే ఊరుకోలేకపోయాను. సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. చంకలో పిల్ల పాలు తాగీ తాగీ గుమ్మడిపండులా అయింది, తల్లి పుల్లలా అయింది. అందుకని నేను దొంగసరుకు తేవడం మొదలెట్టాను. రైలు గేటు దగ్గర బండి మీద ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనగ పట్టీలు. అత్త హాస్టలుకి వెళ్ళగానే అక్క దుప్పటి కప్పుకుని, అందులో కూర్చుని తినేది. కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకరోజు అత్త ఉయ్యాల గుడ్డ మారుస్తూ నన్ను పిలిచింది. గొంతు చాలా మెత్తగా ఉంది. అదే భయం.

"ఒరే శౌరీ, ఇట్టా రా. పాప గుడ్డు పెట్టిందిరా."

అరచేతిలో గుడ్డు పెంకు.

"ఉడకబెట్టి మరీ పెట్టింది. ఎంత తెలివి గల పిల్లో!"

అక్కకి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ లేవబోయి, కళ్ళు తిరిగి మంచం కోడు పట్టుకుని కూలబడింది. అత్త చేతిలో పెంకు కింద పడిపోయింది. నేను రిక్షా కోసం పరిగెత్తాను.

కాన్పు చేసిన డాక్టరు ఛాయాదేవి గారు అక్క కింది రెప్ప లాగి చూశారు. గోళ్ళు చూశారు. "ఏం తింటున్నావమ్మా?" అని అడిగారు. అక్క అత్త వైపు చూసింది. అత్త గర్వంగా, పూజలో ప్రార్థన అప్పజెప్పినట్టు, పథ్యం మొత్తం అప్పజెప్పింది. డాక్టరమ్మ విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అమలమ్మగారూ, మీ హాస్టల్లో పిల్లలకి ఇదే పెడతారా?"

"అయ్యో, ఎదిగే పిల్లలండీ. ఇదేం పెడతాను! పప్పూ కూరా ఉండొద్దా?"

"మరి ఈవిడ ఒక పిల్లని కని, ఆ పిల్లని పాలిచ్చి పెంచుతోంది. ఈవిడకెందుకు ఉండొద్దు?"

అత్త బొడ్లో కొంగు తీసి మళ్ళీ దోపుకుంది. కాని జడ మాట ఎత్తకుండా ఉండలేదు కదా.

"జుట్టు రాలిపోతందండీ. దాని సంగతి..."

"రాలుతుంది. కడుపుతో ఉన్నప్పుడు రాలవలసిన జుట్టు కూడా రాలకుండా ఆగుతుంది. కాన్పయిన మూడు నాలుగు నెలలకి ఆ బాకీ అంతా కలిసి రాలుతుంది. పాప నవ్వినా నవ్వకపోయినా రాలుతుంది. అది జబ్బు కాదు. మళ్ళీ దానంతటదే వస్తుంది. కాని వచ్చే జుట్టుకి సరుకేదీ? ఒంట్లో రక్తమే లేదు. ఉన్న కాస్తా ముందు ప్రాణానికీ పాలకీ పోతుంది. జుట్టు వంతు ఆఖరున. పంక్తిలో ఆఖరున కూర్చున్నవాడికి గిన్నెలో ఏం మిగులుతుంది?"

వంటమనిషికి ఈ మాట నేరుగా తగిలింది. తలూపింది.

"ఇనుము మాత్రలు రాస్తాను. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, చిన్న చేపలు పెట్టండి. పైన ఒక నిమ్మకాయ పిండండి. రోజూ ఆకుకూర ఉండాలి. తోటకూర, మునగాకు, గోంగూర, ఏదైనా."

గోంగూర అనగానే అత్త లేచి నిలబడింది. నేనూ అక్కా అక్కడ లేనట్టే, డాక్టరమ్మతో మెల్లిగా అంది.

"మా మరదలు అడిగిందండీ. వీణ్ణి కన్న వారానికి. 'వదినా, నోరు చచ్చిపోయింది, పుల్లగా ఒక్క ముద్ద పెట్టు' అంది. గోంగూర పచ్చడితో పెట్టాను. ఎవరికీ తెలీకుండా, నా చేత్తోనే. సాయంత్రానికి జ్వరం. తర్వాత ఇక లేవలేదు."

అక్క పాపని గుండెకి హత్తుకుంది. నా ఇరవై ఏళ్ళ వయసులో ఈ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

డాక్టరమ్మ తొందరపడలేదు. "కాన్పు ఎక్కడ జరిగింది?" అని అడిగారు.

"ఇంట్లోనే. మంత్రసాని వచ్చింది."

"ఆవిడ చేతులు సబ్బుతో కడుక్కుందా?"

అత్త గుర్తు చేసుకుంది. "పొలం నించి నేరుగా వచ్చింది. కొంగుకి తుడుచుకుంది."

"అప్పుడే పట్టి ఉంటుంది. అలా పట్టినది జ్వరమై బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. గోంగూర తిని ఎవరూ చనిపోరమ్మా. మీ మరదలు అడిగింది, మీరు పెట్టారు. ఆవిడ ఇష్టంగా తిన్న ముద్ద అది."

ఆసుపత్రి మెట్లు దిగుతూ అత్త ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. రిక్షాలో కూర్చుని, కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర ఆపమంది. దిగి లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతుల్లో ఎర్ర గోంగూర కట్టలు గడ్డిమోపులా ఉన్నాయి. మొహం కనిపించలేదు. రిక్షా అతను "పెళ్ళి వంటా అమ్మా?" అని అడిగాడు. "అవును," అంది అత్త.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గోంగూర ఉడికింది. పప్పులో వేసింది కొంత, పచ్చడి చేసింది కొంత. ఇరుగూ పొరుగూ గుమ్మంలోకి వచ్చి ముక్కులు ఎగబీల్చి పోయారు. అత్త చేతులు ఆగలేదు గాని లెక్క తప్పాయి. ఉప్పు రెండుసార్లు వేసింది. నేను నోట్లో పెట్టుకుని ఉమ్మబోయాను. అక్క నా కాలు తొక్కింది. తను మాత్రం పళ్ళెం ఊడ్చినట్టు తింది.

"ఎట్టుందే?" అంది అత్త.

"ఇంకొంచెం పెట్టు," అంది అక్క.

సాయంత్రం దాకా అత్త చెయ్యి అక్క నుదుటి మీదే ఉంది. జ్వరం రాలేదు. చీకటిపడుతుండగా చెయ్యి తీసి, ఆ చేత్తోనే తనూ ఒక ముద్ద కలుపుకుంది. నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇంత ఉప్పు తిన్నారంట్రా మీరు? నోళ్ళేం పడిపోయినయ్యి, చెప్పొద్దా?"

ఆ రోజు నించి అక్కకి రెండో రకం కష్టాలు మొదలయ్యాయి. పెట్టకపోవడంలో ఎంత పట్టుదలో పెట్టడంలోనూ అంతే. పొద్దున్నే గుడ్డు, మధ్యాహ్నం పప్పు, ఆకు, దాని మీద నిమ్మకాయ. కాలువలో పట్టిన పరిగె చేపలు ముళ్ళతో సహా కరకరలాడేట్టు వేయించేది. మునగాకు పొడి కొట్టి అన్నంలో మొదటి ముద్దకి కలిపేది. నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు చుట్టేది. అక్క వద్దంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. హాస్టలు పిల్లల బాధ ఏమిటో అక్కకి అప్పుడు తెలిసింది. ఆదివారాలు వచ్చే బావ గుమ్మంలో ఆగి, "అత్తయ్యగారూ, నేనేమైనా వేరే ఇంటికొచ్చానా? మా ఆవిడ సన్నగా ఉండేదండీ," అనేవాడు.

క్రిస్మస్ నాటికి అక్క నుదుటి మీద కొత్త వెంట్రుకలు మొలిచాయి. నారుమడిలో నారులా, నిటారుగా, ఎటు దువ్వినా లొంగకుండా. అత్త అక్కని వాకిట్లో ఎండలోకి లాక్కొచ్చి, తల వంచి, వచ్చే పోయే వాళ్ళందరికీ చూపించేది. ఆ జుట్టు గోంగూర వల్లే వచ్చిందని అత్త వాదన. ఎలాగూ వచ్చేదే, తిండి వల్ల బలంగా వచ్చిందని డాక్టరమ్మ మాట. నేను ఏ పక్షమూ పట్టలేదు. అన్నం పెట్టేది అత్త.

అయితే ఫిబ్రవరి ఆగదు కదా. తిరునాళ్ళు వచ్చేసరికి పాత జడ వేలిమందమే, కొత్తది బెత్తెడే. ఇస్తే మాట ప్రకారం ఇచ్చినట్టు కాదు. ఇవ్వకపోతే మొక్కు తప్పినట్టు. మూడు రోజులు అత్త అన్నం సరిగ్గా తినలేదు. తిరునాళ్ళ పొద్దున మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని జనంలో తోసుకుంటూ మంగలి వరసలోకి వెళ్ళింది. అక్క కూర్చోబోయింది. అత్త అక్కని పక్కకి నెట్టి తనే కూర్చుంది.

"గీయవయ్యా."

నిమ్మకాయ ముడి కింద పడింది. గుండు మీద కొంగు కప్పుకుని, ఆ ముడినీ పాలపొడి డబ్బానీ చెరో చేత్తో పట్టుకుని, మరియమ్మ తల్లి బొమ్మ ఉన్న గుహ ముందు నిలబడింది. చుట్టూ అంత జనం ఉన్నారన్న ఎరుకే లేదు.

"తల్లీ, నీ సొమ్ములో రాలిందంతా ఈ డబ్బాలో ఉంది. తూములో పోయింది తప్ప. ఇదిగో, ఇది నా ముడి. చిన్నదే. బయానా అనుకో. వచ్చే ఏటికి నీ జడ నీకిస్తా. తప్పు నాదే, పిల్లకి తిండి పెట్టలా."

వెనక ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు. మా అత్త ఎవరి ముందైనా తప్పు ఒప్పుకోవడం మేం అదే మొదటిసారి చూశాం.

తిరునాళ్ళయ్యాక అక్క గన్నవరం కాపరానికి వెళ్ళిపోయినా, ఆ ఏడాదంతా అత్త క్యారియర్లు బస్సెక్కి పోతూనే ఉన్నాయి. మోసింది నేనే. డెబ్భై ఏడు ఫిబ్రవరికి అక్క జడ చేతిమందానికి తిరిగొచ్చింది. భుజాలు దిగేదాకా ఒత్తుగా, నల్లగా, నిగనిగలాడుతూ; కింద మిగిలిన పాత జుట్టు తోకలా సన్నగా. అత్త తిరునాళ్ళ పొద్దున దాన్ని అల్లడానికి కూర్చుని, అల్లి, విప్పి, మళ్ళీ అల్లింది.

"ఒసే ఫిలోమినా, మూడు కత్తెర్లు ఇస్తే చాలదంటావా? తల్లి ఏమన్నా కొలిచి చూస్తదా?"

"వెంట్రుక తక్కువ లేకుండా అన్నావంటగా?"

"అన్నాననుకో. అప్పుడు ఇదెట్టా పెరుగుద్దో నాకేం తెలుసు? ఇప్పుడు నా చేత్తో పెంచాను. ప్రాణం ఒప్పటంలేదే."

అక్క నా చెవి దగ్గరికి వచ్చి అంది: "ఈవిడ మొక్కు తప్పిందంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఇంకో కూర మానేస్తుందిరా. ఈసారి ఏ వంకాయో పోతుంది. మనవల్ల కాదు."

వెళ్ళి మంగలి ముందు దర్జాగా కూర్చుంది. "మొత్తం తీసెయ్యి," అంది.

జడ తెగి అత్త ఒళ్ళో పడింది. ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, మార్కెట్లో కూర తూచినట్టు పైకీ కిందకీ ఆడించి చూసింది. గుహ ముందు పెడుతూ, "బరువు చూసుకో తల్లీ. ఇందులో ఎంత గోంగూర ఉందో నాకు తెలుసు," అంది.

బావ చంకలో ఉన్న పాప గుండుతో వచ్చిన అక్కని చూసి గుక్కపెట్టింది. ఎంత చేతులు చాపినా రాదు. అక్క దగ్గరికి వంగి "ఏమే గుడ్డు పెట్టిన పిల్లా!" అంది. పాప ఏడుపు ఆపి, ఆ గొంతు విని, ఆ మొహం పరకాయించి చూసి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి ఫక్కున నవ్వింది.

"గుర్తుపట్టింది!" అని అరిచింది అమలమ్మత్త. "పట్టనీ. ఇంక రాలడానికేముంది?"